మీ లెక్కలో పోయిన రెండు గంటలు: విమాన దూరం, ప్రయాణ సమయం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మార్చి మూడో వారంలో లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయానికి వెళ్తున్నారు. విమానం ఉదయం 10 గంటలకు. దూరాలు చెప్పే ఒక వెబ్‌సైటులో 5,540 కిలోమీటర్లు, 7 గంటల ప్రయాణం అని చూశారు. రెండు ఊళ్లకీ 5 గంటల తేడా కాబట్టి అక్కడి గడియారం ప్రకారం మధ్యాహ్నం 12కల్లా దిగుతానని లెక్క వేసుకున్నారు. ఆ నమ్మకంతో 3:30కి న్యూయార్క్‌లోనే ఉన్న లాగార్డియా విమానాశ్రయం నుంచి బయలుదేరే ఇంకో టికెట్ విడిగా కొన్నారు. ఇప్పుడు మొదటి టికెట్ తీసి చూస్తే చేరే సమయం మధ్యాహ్నం 2 గంటలు అని ఉంది. పైగా పోయినసారి ఇదే దారిలో సీటు ముందున్న తెర 5,800 కిలోమీటర్లకు పైగా చూపించింది. టికెట్ తప్పా, వెబ్‌సైటు తప్పా, అసలు దూరం ఎంత?

టికెట్ సరైనదే. 5,540 అన్న దూరమూ సరైనదే. తెర చూపించిన 5,800 కూడా నిజమే అయి ఉంటుంది. తేడా వచ్చిందల్లా ఆ 7 గంటల దగ్గర, ఆ 5 గంటల దగ్గర. ఒక్కోచోట ఒక్కో గంట పోయింది. వివరంగా చెప్తాను. ఈలోగా ఆ 3:30 టికెట్ మార్చుకునే వీలుందేమో చూడండి, ఎందుకంటే అది మీకు అందదు.

నేను ఇరవై రెండేళ్లు ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేశాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎంతసేపు పడుతుంది అని బయలుదేరే ముందు లెక్కకట్టి, ఆ కాగితం మీద పైలట్‌తో పాటు సంతకం పెట్టే పని అది. అందుకే ఈ విషయం కొంచెం సాగదీసి చెప్తే ఓపిక పట్టండి.

ముందు దూరం సంగతి. గ్లోబు మీద లండన్ దగ్గర ఒక గుండుసూది, న్యూయార్క్ దగ్గర ఇంకో గుండుసూది గుచ్చి, మధ్యలో దారం బిగించి లాగండి. ఆ దారం పరుచుకున్న గీతే రెండింటి మధ్య అతి దగ్గరి దారి. దీన్ని మహావృత్తం దారి అంటారు. మేమంతా గ్రేట్ సర్కిల్ అనే అనేవాళ్లం. వెబ్‌సైట్లు చెప్పే దూరం ఇదే. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి కేంద్రం దగ్గర ఆ రెండు బిందువుల మధ్య ఎంత కోణం ఏర్పడుతుందో త్రికోణమితితో కనుక్కుంటారు. హీత్రూ సుమారు 51.47 డిగ్రీల ఉత్తరం, 0.45 డిగ్రీల పశ్చిమం. కెనడీ 40.64 ఉత్తరం, 73.78 పశ్చిమం. ఈ అంకెలు సూత్రంలో వేస్తే కోణం 49.83 డిగ్రీలు వస్తుంది. భూమి ఉపరితలం మీద ఒక్కో డిగ్రీకి దాదాపు 111.2 కిలోమీటర్లు. హెచ్చవేస్తే 5,540. సూత్రం చూసి బెదిరిపోనక్కర్లేదు, స్కూల్లో చదివిన సైన్, కొసైన్‌లే. దాని పేరు హావర్‌సైన్ సూత్రం. ఫోనులో ఉండే సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు.

భూమి పూర్తి గుండ్రం కాదు కదా అని అడుగుతారేమో. నిజమే. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. సగటున 6,371 అనుకుని లెక్క వేస్తే ఎంత చెడ్డా అర శాతం కంటే ఎక్కువ తేడా రాదు. మీ ప్రయాణానికి అది లెక్కలోకి తీసుకోవాల్సినంత పెద్దది కాదు. దూరం కొలిచేది కూడా మీరు ఎక్కే గేటు నుంచి కాదు. ప్రతి విమానాశ్రయానికీ రన్‌వేల మధ్యలో ఎక్కడో ఒక చోట ఒక గుర్తింపు బిందువు ఉంటుంది, అక్కడి నుంచి. రెండు సైట్లు నాలుగైదు కిలోమీటర్లు తేడాగా చెప్తే కారణం సాధారణంగా ఈ రెండిట్లో ఏదో ఒకటి.

యూనిట్ల దగ్గర మాత్రం జాగ్రత్త పడండి. ఇదే దూరం కిలోమీటర్లలో 5,540, రోడ్డు మైళ్లలో 3,442, నాటికల్ మైళ్లలో 2,991. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. విమానాల వేగం చెప్పే నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పట్టికలోని రోడ్డు మైళ్లను నాటికల్ మైళ్లనుకుని 480 నాట్లతో భాగించాను. దాదాపు గంట ఎక్కువ వచ్చింది. మా సీనియర్ ఒకాయన కాగితం మీద ఒక్కసారి చూసి, "బాబూ, ఇది ఏ మైలు?" అని అడిగారు. ఆ రోజు నుంచి ఏ అంకె రాసినా పక్కన యూనిట్ రాయకుండా వదల్లేదు. మీరు సైట్లో "మైల్స్" అని చూసినప్పుడల్లా ఇదే ప్రశ్న వేసుకోండి.

గోడకు వేలాడే పటం మీద మాత్రం ఈ దారి వంకరగా కనిపిస్తుంది. మెర్కేటర్ 1569లో తయారుచేసిన పద్ధతిలో గీసిన పటాలు ఉత్తరానికి పోయేకొద్దీ నేలను సాగదీసి చూపిస్తాయి. టోక్యో, లాస్ ఏంజెలెస్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. పటం చూస్తే పసిఫిక్ మీదుగా స్కేలు పెట్టి గీసినట్టు తూర్పుకు పోతే చాలనిపిస్తుంది. అలా అక్షాంశం వెంటే పోతే దాదాపు 9,300 కిలోమీటర్లు. దారం పెట్టి చూస్తే గీత అల్యూషన్ దీవుల వైపు 47 డిగ్రీల పైదాకా ఎక్కి దిగుతుంది. అది 8,800 కిలోమీటర్లే. పటంలో వంకరగా కనిపించే దారి 500 కిలోమీటర్లు తక్కువ. సీటు ముందు తెర మీద విమానం ఉత్తరానికి ఎందుకు పోతోందని చాలామంది అడిగారు నన్ను. అది చుట్టుదారి కాదు, దగ్గరి దారే.

మరి తెర మీది 5,800 ఎక్కడిది? విమానం ఏ రోజూ ఆ దారం మీదే కచ్చితంగా ఎగరదు. రన్‌వే ఎటు తిరిగి ఉందో, గాలి ఎటు వీస్తోందో దాన్ని బట్టి ఎగరాలి. విమానం గాలికి ఎదురుగా ఎగురుతుంది, ఎదురుగానే దిగుతుంది. గమ్యం పడమరైనా ముందు తూర్పుకు లేచి తిరగాల్సి రావచ్చు. ఆ తర్వాత నిర్ణయించిన బిందువుల మీదుగా పైకెక్కాలి. అట్లాంటిక్ మీద ఇంకో ఏర్పాటు ఉంది. నేల మీది రాడార్ సముద్రం మధ్యదాకా చూడలేదు కాబట్టి, రోజుకు రెండుసార్లు ఆ పూట గాలుల అంచనా చూసి సమాంతర దారులు కొన్ని ప్రకటిస్తారు. ఉత్తర అట్లాంటిక్ ట్రాక్‌లు అంటారు. పగలు పడమరకు వెళ్లేవాటిని బ్రిటన్, ఐర్లండ్ వైపు నుంచి షాన్‌విక్ కేంద్రం, రాత్రి తూర్పుకు వచ్చేవాటిని కెనడా వైపు నుంచి గాండర్ కేంద్రం నిర్ణయిస్తాయి. నిన్నటి దారి ఇవాళ ఉండదు. దానికి తోడు దిగే ముందు వరసలో చక్కర్లు. హీత్రూకు వచ్చే విమానాలు వేచి ఉండటానికి బోవింగ్‌డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్ అని నాలుగు చోట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. రద్దీగా ఉంటే అక్కడ ఒకదానిపైన ఒకటి అంతస్తులుగా తిరుగుతుంటాయి. ఇవన్నీ కలిపితే 5,540 కాస్తా 5,700, 5,800 అవుతుంది. నేను ఇలాంటి దారికి నాలుగు శాతం కలిపి చూసుకునేవాణ్ణి. అంటే సుమారు 5,760.

దేశాల మధ్య గొడవలొస్తే ఈ నాలుగు శాతం లెక్క చెల్లదు. హెల్సింకి, టోక్యోల మధ్య దగ్గరి దారి రష్యా మీదుగా పోతుంది. 2022 ఫిబ్రవరి దాకా ఆ ప్రయాణం తొమ్మిదిన్నర గంటలు. ఫిన్లండ్ విమానాలకు రష్యా గగనతలం మూసుకుపోయాక పదమూడు గంటల దాకా అయింది. ఉత్తర ధ్రువం మీదుగా తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఈ రోజుకీ దూరాల సైటులో ఆ రెండు ఊళ్లు వేసి చూస్తే పాత దూరమే చూపిస్తుంది, ఎందుకంటే గ్లోబు మారలేదు. అందుకే దూరం చూసి సమయం ఊహించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బెంగగా ఉంటుంది.

ఇక మీ మొదటి గంట. ఆ 7 గంటలు ఎలా వచ్చిందో చూద్దాం. ఇలాంటి సైట్లలో చాలావరకు ఒక సగటు వేగం, గంటకు 850 కిలోమీటర్లో అటూ ఇటుగానో అనుకుని, దూరాన్ని దానితో భాగించి, ఎక్కడం దిగడం కోసం ఓ అరగంట కలుపుతాయి. 5,540ని 850తో భాగిస్తే ఆరున్నర గంటలు, ఇంకో అరగంట, మొత్తం ఏడు. అంతే. అందులో గాలి లేదు, దిక్కు లేదు, రన్‌వే దాకా నేల మీద పాకడం లేదు. లండన్ నుంచి న్యూయార్క్‌కైనా న్యూయార్క్ నుంచి లండన్‌కైనా ఒకే జవాబు ఇస్తుంది. మీ తిరుగు టికెట్ ఏప్రిల్ మొదటివారంలో ఉందన్నారు, సాయంత్రం 6:30కి బయలుదేరి మర్నాడు ఉదయం 6:30కి. అంటే 5 గంటల గడియారం తేడా తీసేస్తే ప్రయాణం 7 గంటలు. వెళ్లేటప్పుడు 8. ఈ గంట తేడా చేసేది గాలి.

భూమి మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు ఒక గాలి ప్రవాహం సాగుతుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. వాసాబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త 1920లలో బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచారు. తన ఫలితాలను ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించడం వల్ల బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. ఉత్తర ధ్రువం వైపు చలికీ భూమధ్యరేఖ వైపు వేడికీ మధ్య ఉన్న తేడాయే దీనికి బలం. అందుకే ఆ తేడా ఎక్కువగా ఉండే చలికాలంలో గాలి ఉధృతం, వేసవిలో నెమ్మదిస్తుంది. గంటకు 150, 200 కిలోమీటర్లు మామూలే, అంతకు రెట్టింపు వీచిన రోజులూ ఉంటాయి.

తూర్పుకు పోయే విమానం గాలివాటున పోతుంది. పడమరకు పోయేది ఏటికి ఎదురీదినట్టు పోతుంది. విమానానికి తన చుట్టూ ఉన్న గాలిలో ఎంత వేగమో అదే తెలుసు. పెద్ద విమానాలు ధ్వని వేగంలో 0.85 వంతు వేగంతో పోతాయి. ఆ ఎత్తులో చలికి ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు, కాబట్టి విమానానిది సుమారు 900. నేల మీద నిలబడి చూసేవాళ్లకు మాత్రం ఆ 900కు గాలి కలుస్తుంది, లేదా తీసివేత అవుతుంది.

మీ దారికే వేసి చూద్దాం. 5,760 కిలోమీటర్లు, దారి పొడవునా సగటున గంటకు 80 కిలోమీటర్ల గాలి. పడమరకు 820 వేగం, 7 గంటల 1 నిమిషం. తూర్పుకు 980 వేగం, 5 గంటల 53 నిమిషాలు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నెమ్మదిగా పోయే సమయం, నేల మీద తిరిగే సమయం కలిపి ఓ గంట వేసుకోండి. వెళ్లేటప్పుడు 8, వచ్చేటప్పుడు 7కు కొంచెం తక్కువ. మీ టికెట్లతో సరిపోయింది కదా. ఈ చిన్న లెక్క ఎప్పుడు వేసినా, అది టికెట్‌కు దగ్గరగా వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఎదురుగాలి తీసుకునేది వెనుకగాలి ఇచ్చేదానికంటే ఎప్పుడూ ఎక్కువే. గాలే లేకపోతే పై దూరానికి 6 గంటల 24 నిమిషాలు. గాలి 150 ఉంటే తూర్పుకు 55 నిమిషాలు మిగులుతాయి, పడమరకు 77 నిమిషాలు పోతాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు ఆ ఎదురుగాలిలోనే ఎక్కువసేపు ఉంటాం కాబట్టి ఇలా జరుగుతుంది. రానూపోనూ కలిసి సమానమవుతుందని అనుకోకండి.

ఈ గాలి మాట ఈనాటిది కాదు. 1919లో ఆల్కాక్, బ్రౌన్ మొదటిసారి ఆగకుండా అట్లాంటిక్ దాటింది పడమర నుంచి తూర్పుకు, న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్‌కు, పదహారు గంటల్లో. ఎదురు దిశలో విమానం ఆగకుండా దాటడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 1928 ఏప్రిల్‌లో బ్రెమెన్ అనే విమానం ఐర్లండ్ నుంచి బయలుదేరి ముప్పై ఆరు గంటల తర్వాత కెనడా తీరంలో ఒక దీవి మీద దిగింది. అదే సముద్రం, దిశ మారితే రెట్టింపు కంటే ఎక్కువ సమయం. ఈ కాలంలో చూస్తే, 2020 ఫిబ్రవరిలో కియారా అనే తుఫాను గాలుల్లో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద నుంచి చూస్తే గంటకు 1,300 కిలోమీటర్లకు పైగా వేగం. ధ్వని వేగం దాటేసిందని చాలాచోట్ల రాశారు. దాటలేదు. గాలిలో దాని వేగం ఎప్పటిలాగే ఉంది, గాలే దాన్ని మోసుకొచ్చింది. నిజంగా ధ్వనిని దాటి ఎగిరిన కాంకార్డ్ ఇదే దారిలో 1996 ఫిబ్రవరి 7న 2 గంటల 53 నిమిషాల్లో వచ్చింది.

ఇదే గాలికి ఎదురు వెళ్లాల్సి వస్తే ఏమవుతుందో 2011-12 చలికాలంలో చూశాం. ఐరోపా నుంచి అమెరికాకు పోయే కొన్ని బోయింగ్ 757లు ఎదురుగాలి వల్ల ఇంధనం చాలక కెనడాలోని గాండర్ లాంటి చోట్ల దిగి నింపుకుని వెళ్లాల్సి వచ్చింది. ఆ విమానం అందుకోగల దూరానికి ఆ ఊళ్లు అంచున ఉన్నాయి. కాగితం మీద సరిపోయిన దూరం జనవరి గాలిలో సరిపోలేదు. అందుకే డిస్పాచ్ గదిలో మేము వాడే దూరం కూడా వేరు. నేల మీది దూరం కాకుండా, గాలిని లెక్కలో వేసుకుని విమానం గాలిలో ఎంత దూరం ఈదాలో చూస్తాం. ఇంధనం దానికి పోస్తాం. ఈ కారణం వల్లే కిలోమీటర్లు ఎక్కువైనా గాలి అనుకూలంగా ఉన్న దారిని ఎంచుకుంటాం. సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య 15,300 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగిరే విమానం గాలిని బట్టి ఒకరోజు ఒక సముద్రం మీదుగా, ఇంకోరోజు ఇంకో సముద్రం మీదుగా పోవచ్చు. మీ 5,800లో కొంత భాగం ఇదే అయి ఉంటుంది. ఆ రోజు మీ విమానం ఎదురుగాలి బలంగా ఉన్న చోటును తప్పించుకోవడానికి పక్కకు జరిగి వెళ్లి ఉంటుంది.

టికెట్లో రాసే సమయానికి అర్థం ఏమిటో కూడా చాలామందికి తెలియదు. అది గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర చక్రాల అడ్డు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర మళ్లీ అడ్డు పెట్టేదాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. కెనడీ లాంటి చోట సాయంత్రం రద్దీలో రన్‌వే దాకా పోవడానికే అరగంట పట్టొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే మీద దిగితే గేటు చేరడానికి పావుగంట పైనే నేల మీద ప్రయాణం. ఈ సమయాన్ని సంస్థలు పాత ప్రయాణాల వివరాలు చూసి, సీజన్‌ను బట్టి, కొంచెం మిగులు ఉండేలా నిర్ణయిస్తాయి. పదిహేను నిమిషాల లోపు ఆలస్యమైతే సమయానికి వచ్చినట్టే లెక్కకట్టడం విమాన రంగంలో వాడుక. అందుకే మీ విమానం ఒక్కోసారి "అరగంట ముందే వచ్చేశాం" అంటుంది. మిగులు అక్కరకు రాలేదన్నమాట, అంతే. వేసవి టైమ్‌టేబుల్లో ఉన్న నిమిషాలు చలికాలం టైమ్‌టేబుల్లో మారడం కూడా ఇందుకే. గేటు దగ్గర ఆగడం కూడా మీకు బయటపడటం కాదు. ఐరోపాలో ఆలస్యాల మీద వివాదం వస్తే, చేరిన సమయమంటే కనీసం ఒక తలుపు తెరిచి ప్రయాణికులు దిగడానికి వీలైన క్షణమని అక్కడి న్యాయస్థానం 2014లో చెప్పింది. నా దృష్టిలో ప్రయాణికుడి వైపు నుంచి ఆలోచించిన మంచి నిర్వచనం అది.

దూరం తగ్గేకొద్దీ ఈ నేల మీది సమయమే పెద్దదవుతుంది. అందుకే 300 కిలోమీటర్ల ప్రయాణానికీ 600 కిలోమీటర్ల ప్రయాణానికీ సమయం రెట్టింపు కాదు. చిన్న దూరాలకు సైట్ల అంచనాలను అసలు పట్టించుకోవద్దంటాను. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు 2.7 కిలోమీటర్లు. రెండు నిమిషాల లోపే విమానం దిగుతుంది, గాలి బాగుంటే 53 సెకన్లలో దిగిన రికార్డు ఉంది. ఆ దూరాన్ని 850తో భాగించి అరగంట కలిపితే ఎలాంటి జవాబు వస్తుందో మీరే చూడండి.

ఇప్పుడు మీ రెండో గంట. ఇది గాలిదీ కాదు, దూరానిదీ కాదు, గడియారానిది. లండన్‌కీ న్యూయార్క్‌కీ ఏడాదిలో ఎక్కువ రోజులు 5 గంటల తేడా. కానీ ఎండాకాలం కోసం గడియారాలు గంట ముందుకు జరిపే తేదీలు రెండు దేశాల్లో వేరు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్యలో రెండు మూడు వారాలు తేడా 4 గంటలే. మీ ప్రయాణం సరిగ్గా ఆ వారాల్లో పడింది. శరదృతువులో కూడా ఇలాగే ఒక వారం వస్తుంది. బ్రిటన్ అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి జరుపుతుంది, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం.

కాబట్టి ఉదయం 10కి బయలుదేరి, 8 గంటలు కలిపితే లండన్‌లో సాయంత్రం 6. నాలుగు గంటలు తీసేస్తే న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2. టికెట్లో ఉన్నదీ అదే.

ఊళ్ల మధ్య తేడాలను మనసులో తిప్పుకోవడం మానేసి, అన్నిటినీ ముందు యూటీసీలోకి మార్చుకోండి. అంతర్జాతీయ సమయం అది, మేము ఎప్పుడూ దాంట్లోనే పనిచేస్తాం. బయలుదేరే సమయాన్ని యూటీసీలోకి మార్చండి, ప్రయాణ సమయం కలపండి, చివరగా చేరే ఊరి గడియారంలోకి మార్చండి. ఆ రోజున ఆ ఊరి తేడా ఎంతో ఫోనులో చూసుకుంటే చాలు. టోక్యోలో సాయంత్రం 5కి ఎక్కినవాళ్లు అదే రోజు ఉదయం 10కి లాస్ ఏంజెలెస్‌లో ఎలా దిగుతారన్నది కూడా ఈ పద్ధతిలో చిక్కు లేకుండా తేలిపోతుంది. జపాన్ యూటీసీకి 9 గంటలు ముందు, కాబట్టి బయలుదేరింది ఉదయం 8 యూటీసీ. పది గంటల ప్రయాణం, 18 యూటీసీ. చలికాలంలో లాస్ ఏంజెలెస్ 8 గంటలు వెనక, అంటే ఉదయం 10. తేదీ మారలేదు. అర్ధగంటల తేడాలున్న దేశాలు కలిసినా ఇదే పద్ధతి పనిచేస్తుంది, తప్పు దొర్లదు.

ఒక చిన్న మాట, మీ ప్రశ్నలో లేకపోయినా. సైటులో ఊరి పేరు కొట్టి మొదట కనిపించిందాన్ని నొక్కకండి, మూడక్షరాల కోడ్ చూసి ఎంచుకోండి. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఉంది, కెనడా తూర్పు తీరంలోనూ సిడ్నీ ఉంది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఉంది, అమెరికా అలబామాలోనూ ఉంది. ఒకటి బదులు ఇంకోటి కొని దేశం కాని దేశంలో దిగినవాళ్లు నిజంగానే ఉన్నారు. న్యూయార్క్ విషయంలో మీకు కోడ్ తప్పలేదు, అది మంచిదైంది. అక్కడ ఒకే ఊరి పేరు కింద మూడు పెద్ద విమానాశ్రయాలున్నాయి.

ఇక లాగార్డియా టికెట్. దూరాల సైటులో కెనడీ నుంచి లాగార్డియాకు వేస్తే 17 కిలోమీటర్లు అని వస్తుంది. అది దారం పెట్టి లాగిన దూరం. మీరు వెళ్లాల్సింది రోడ్డు మీద, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో. అరగంటలో పోవచ్చు, గంట దాటినా దాటొచ్చు. అంతకంటే ముందు, విమానం 2 గంటలకు గేటు దగ్గర ఆగాక తలుపు తెరవాలి, నడిచి ఇమిగ్రేషన్ వరసలో నిలబడాలి, సామాను తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇవన్నీ పూర్తిచేయాలి. రెండు టికెట్లు విడివిడిగా కొన్నారు కాబట్టి మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు మీ పట్ల బాధ్యత ఉండదు. లాగార్డియాలో మళ్లీ సామాను అప్పగించాలి, సెక్యూరిటీ దాటాలి. సామాను తీసుకునే గడువు విమానం బయలుదేరే సమయానికి చాలా ముందే ముగుస్తుంది. అంటే మీ చేతిలో ఉన్న గంటన్నరలో మీకు నిజంగా మిగిలేది ముప్పావుగంటో, అంతకంటే తక్కువో.

నేనైతే ఈ దారిలో విడి టికెట్ల మధ్య, విమానాశ్రయం కూడా మారేటప్పుడు, టికెట్లో రాసిన చేరే సమయం నుంచి ఐదు గంటలకు తగ్గకుండా చూసుకుంటాను. మార్చిలో ఎదురుగాలి ఇంకా బలంగానే ఉంటుంది. కాబట్టి రాత్రి 7 తర్వాత బయలుదేరే విమానం చూడండి. కుదిరితే కెనడీ నుంచే బయలుదేరేది చూడండి, రోడ్డు మీది ఆ టెన్షన్ తప్పుతుంది. మార్పుకు రుసుము అడిగితే కట్టేయండి, అందని విమానం టికెట్ మొత్తం పోవడం కంటే అదే నయం. కొత్త టికెట్ తీసుకున్నాక రెండింటి సమయాలూ యూటీసీలో రాసి ఇక్కడ పెట్టండి, నేను ఒకసారి సరిచూసి చెప్తాను.